చిన్న అండమాను యాత్ర

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు ఆయన వెంట బంధువులు, బోయీలు, వంటవారు, పరిచారకులు కలిసి నూరుమందివరకు ఉండిరి. పదునైదు మాసములకు పైగా సాగిన ఆ ప్రయాణమును ఆయన మజిలీ మజిలీకి వ్రాసియుంచెను. నేటి విద్యార్థికి అట్టి పరివారము లేదు. వీపున ఒక సంచి, అందులో రెండు జతల బట్టలు, ఒక దోమతెర, ఒక నీళ్లసీసా. వెంట ఎవరును లేరు. ఇట్లు ఒంటరిగా బయలుదేరు యువకులలో అనేకులు కోరునది మనుష్యుని చేయి సోకని దీవి. అట్టి దీవి యొకటి కలదని విని మేమును పోయితిమి. మేమని వ్రాయుచున్నను పోయినది ఒక్కరమే.

అది 2019 జనవరి. విశాఖపట్టణమున ఓడనెక్కితిమి. పోర్టుబ్లెయరు చేరుటకు సుమారు మూడు దినములు. (ఆ పట్టణమునకు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్చిరి.) బంకు తరగతియనగా ఒక పెద్ద గదిలో మీద నొకటి, క్రింద నొకటిగా వరుసలు తీర్చిన ఇనుప పడకలు. మా ప్రక్కనున్నవారిలో పెక్కురు శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములవారే. చేపలవేటకు పోవువారు కొందరు, తాపీపనికి పోవువారు కొందరు, పెండ్లి చేసికొని భార్యను తీసికొనిపోవువారు కొందరు. "ఎవరి తాలూకు బాబూ?" అని మొదలుపెట్టి మా ముత్తాతవరకు పోయిరి. ఒంటరితనము కోరి బయలుదేరిన మాకు ఆ మూడు దినములు అది దొరకలేదు. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులవారు చెప్పిన మాతృభాషలను చూచినచో, బంగాళీ, హిందీ, తమిళముల తరువాత తెలుగు నాలుగవది. నూటికి పదముగ్గురు తెలుగువారు. ఆ లెక్క మాకు ఓడలోనే అర్థమయ్యెను.

చిన్న అండమాను పోర్టుబ్లెయరుకు దక్షిణముగా సుమారు 120 కిలోమీటర్ల దూరముననున్నది. విస్తీర్ణము ఇంచుమించు 700 చదరపు కిలోమీటర్లు. సర్కారు ఓడ హట్‌బే రేవునకు చేరుటకు ఏడెనిమిది గంటలు పట్టును. రేవునుండి తూర్పు తీరము వెంబడి ఉత్తరముగా ఒక రోడ్డు పోవును. దానికి అటునిటు నేతాజీనగరము, రవీంద్రనగరము, రామకృష్ణపురము, వివేకానందపురము. ఊళ్ల పేర్లను వినినంతనే అవి ఎవరు కట్టుకొన్నవో తెలియును. తూర్పు బంగాళమునందు ఇల్లు వాకిలి పోగొట్టుకొని వచ్చినవారికి ప్రభుత్వము అడవి కొట్టించి యిచ్చిన భూములవి. వారుగాక కార్ నికోబారునుండి వచ్చి హర్మిందర్ బేయందు స్థిరపడిన నికోబారీలు, ఛోటానాగపురమునుండి కూలికి వచ్చిన రాంచీవారు, తమిళులు, మన తెలుగు జాలరులు. అంగట అందరికిని హిందీయే వాడుక.

దీవి అందమునుగూర్చి మేము విన్నదానిలో అతిశయోక్తి లేదు. బట్లర్‌బే తీరమున అలలు పొడవుగా, తీరికగా విరిగిపడును. తెల్లని ఇసుకమీద ఉదయము మా అడుగులకన్న ముందు ఎండ్రకాయల జాడలే యుండెను. అడవిలోపల జలపాతమునొద్ద గర్జనవృక్షముల కొమ్మలు తలయెత్తి చూచినను కనబడవు. జనవరిలో సాయంకాలము అయిదున్నరకే చీకటి పడును. కాని ఆ తీరమున వంటికి కొబ్బరినూనె రాచికొననిచో ఇసుక దోమలు ప్రాణము తీయును. ఏటి మొగలయొద్ద మొసళ్లున్నవి, నీట దిగరాదు అని ఫలకములున్నవి. వానాకాలమున ఓడలు ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు రావో. చూడవచ్చినవానికి శోభగానున్నది అచ్చట కాపురమున్నవానికి కష్టముగాకూడ నుండునని అక్కడివారిని అడిగినచో చెప్పుదురు.

ఇక "చేయి సోకని" అను మాట. రోడ్డు ప్రక్కన ఒకచోట చెట్లు దట్టముగా అల్లుకొనియుండును. క్రొత్తవాడు అడవియనుకొనును. కొంచెము నిలిచి చూచినచో చెట్లు వరుసలు తీరియున్నవని తెలియును. 1970ల కాలమునుండి సహజారణ్యమును కొట్టి సుమారు 1,600 హెక్టార్లలో వేసిన నూనెతాటి తోట అది. అదిగాక కలపకొరకు కొట్టినది వేరు. 2002లో సుప్రీంకోర్టు ఉత్తరువు వెలువడినపిమ్మట అచ్చట చెట్లు నరకుట ఆగినది. మిగిలిన అడవి మిగులుటకు మరియొక కారణము కలదు. 1956నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధనననుసరించి దీవిలో పెద్దభాగమును ఓంగే జాతివారికి ప్రత్యేకించి, ఇతరులు ప్రవేశింపరాదనిరి. దక్షిణ, పశ్చిమ తీరములయందు గట్టి చిప్పకు బదులు తోలువంటి వీపుగల మహాకూర్మములు నేటికిని వచ్చి గ్రుడ్లు పెట్టుచున్నవన్నచో, మనవంటివారు అచ్చటికి తరచుగా పోకుండుటయే దానికి ముఖ్యకారణము.

ఓంగేలకు ఈ దీవి పేరు గౌబొలాంబే. ఎన్నో వేల ఏండ్లనుండి ఇది వారి యిల్లు. 1901లో వారు 672 మంది. 2011లో 101 మంది. మన సంఘపు ఉగాది సభకు వచ్చువారికన్న ఆ జాతి యావత్తు తక్కువ. బయటినుండి వచ్చినవారు తెచ్చిన రోగములు, పోయిన వేటభూములు వారి నట్లు చేసెను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి హట్‌బేను ధ్వంసము చేసినప్పుడు, సముద్రము వెనుకకు తగ్గుట చూచి మెరకకు పోయిన డ్యూగాంగ్ క్రీక్ ఓంగేలు బ్రతికిరి. అంతటి కడలిని తప్పించుకొన్నవారిలో ఎనమండుగురు 2008 డిసెంబరులో, ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన డబ్బాలోని ద్రవమును సారాయి యనుకొని త్రాగి మరణించిరి. ఆ డబ్బా ఏ యోడనుండి జారిపడినదో!

మేము బస చేసినది ఒక తెలుగు జాలరి కుటుంబమున. ఆ యింటి పెద్దమ్మ పెండ్లియై వచ్చి నలువదియేండ్లు. సునామీలో ఇల్లు, పడవ, వలలు పోయినవి. మరల కట్టుకొనిరి. ఒకనాడు టీ అంగటియొద్ద ఒకడు మమ్ము ప్రక్కకు పిలిచి, కొంత సొమ్మిచ్చినచో డింగీలో డ్యూగాంగ్ క్రీక్ దాపునకు తీసికొనిపోయి "వాళ్లను" చూపెదననెను. తెల్లవారుజామున పోయి తిరిగి వచ్చినచో ఎవరికిని తెలియదట. అది నేరమని మాకు తెలియును. అయినను ఇరువది యేండ్ల వయస్సున, ఇంత దూరము వచ్చినవానికి ఆ మాట ఎంత గట్టిగా తగులునో చెప్పవలసిన పనిలేదు. రాత్రి అన్నము తినుచు పెద్దమ్మతో చెప్పితిమి. ఆమె కోపపడలేదు. చేపముక్క మా కంచములో వేయుచు ఇట్లనెను:

"అటేపు ఎల్లకు బాబూ. అది ఆల్ల సోటు. ఆల్లు పిలిస్తే ఎల్లాల. మనమొచ్చినోలం."

"నలభై ఏళ్లయింది కదా పెద్దమ్మా, ఇంకా వచ్చినవాళ్లమేనా?"

"నలబయ్యేళ్లయితే మాత్రం? ముందున్నోడి మర్యాద ముందున్నోడిదే గదా."

మేము పోలేదు. అప్పటికి రెండునెలల క్రితమే, 2018 నవంబరులో, ఒక అమెరికా యువకుడు మతబోధకని ఒంటరిగా ఉత్తర సెంటినెల్ దీవికి పోయి అచ్చటివారి చేత మరణించియుండెను. ఆ వార్త ఓడలోకూడ అందరి నోటను ఉండెను. దానిని తలచుకొని భయపడితిమేమో యని కొందరు అడుగుదురు. ఓంగేలు అట్టివారు కారు. వారు బయటివారిని చంపరు. అందువలననే వారి హద్దును కాపాడవలసిన బాధ్యత వారి బాణములపై గాక మన మర్యాదపై పడుచున్నది.

పెద్దమ్మ మాటను మన సంఘముల సందర్భమున మేము పలుమారులు తలచుకొంటిమి. తమిళ, కన్నడ, ఓఢ్ర, మహారాష్ట్ర దేశములయందు మన కుటుంబములు తరములు తరములుగా నున్నవి. మేమును ఈ నేల బిడ్డలమే యని మనము చెప్పుకొందుము. అది న్యాయమే. పిల్లలకు తెలుగు బడి కావలెనని అడుగుదుము. అదియు న్యాయమే. అడుగుటకు మనకు సంఘము కలదు, సభ కలదు, ఈ సంచిక కలదు. ఓంగేలకు అవి యేవియు లేవు. 2021లో చిన్న అండమానున మహానగరము, విమానాశ్రయము నిర్మింపవలెనను నీతి ఆయోగ్ ప్రతిపాదన పత్రికలకెక్కినది. దానికొరకు అడవిలోను, ఓంగేల ప్రత్యేక భూమిలోను పెద్దభాగమును విడదీయవలసి యుండగా, అటవీశాఖాధికారియే అభ్యంతరము చెప్పెను. అల్పసంఖ్యాకుల బాధ యెట్టిదో ఎరిగిన మనము అట్టి వార్తను ఇతరులవలె చదివి పుట త్రిప్పుట తగదని మాకు తోచుచున్నది.

చేయి సోకని దీవి మాకు కనబడలేదు. కనబడినది, కొన్ని చోట్ల చేయి చాపక ఆగినందువలన మిగిలిన దీవి. పోదలచిన విద్యార్థులు పోవలెననియే మా కోరిక. జనవరి, ఫిబ్రవరి మాసములు మంచివి. రాకపోకలకు మూడేసి దినములు చేతిలో నుంచుకొనుడు. ఓడలో ఇరుగుపొరుగువారితో మాటలాడుడు. దోమతెర, కొబ్బరినూనె మరువకుడు. మొసలి ఫలకమున్నచోట ఈదకుడు. రోడ్డు ముగిసినచోట ప్రవేశనిషేధపు ఫలకము కనబడును. దాని యావలి అడవి ఇవతలిదానికన్న నల్లగా, ఎత్తుగా నుండును. కొంతసేపు నిలిచి చూచి, మరల ఊరివైపు నడువుడు.