నాన్న హార్డ్ డిస్క్‌తో పార్క్‌లేన్‌కి

ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగినవాళ్ళు ఎక్కువగా బిర్యానీ వైపు వెళ్తారు. నేను మాత్రం బ్యాగులో ఇటుక ముక్కలాంటి హార్డ్ డిస్క్ పెట్టుకుని పార్క్‌లేన్ వైపు నడిచా.

సూర్యాపేటలో నాన్నకి డీటీపీ సెంటర్ ఉండేది. 2004లో ఇక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనే (అందరికీ సీటీసీ అంటేనే తెలుస్తుంది) ఒక్కో పార్టూ బేరమాడి సిస్టమ్ కట్టించుకున్నాడు. మానిటర్‌కి దుప్పటి చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పెళ్లి కార్డులు, కరపత్రాలు... మ్యాటర్ అయ్యాక ఫ్లాపీలో ఎక్కించి నన్ను ప్రెస్సుకి పంపేవాడు. దాని కెపాసిటీ 1.44 ఎంబీ! ఇప్పుడు మన ఫోన్లో తీసిన ఒక్క ఫోటో పట్టదు. దాని రేకు షట్టర్‌ని టకటకలాడించొద్దని ప్రతిసారీ వార్నింగ్. ఆడించకుండా ఎలా ఉంటాం?

ఆ డిస్క్‌లో తాతయ్య చెప్తుంటే నాన్న రాత్రిళ్ళు కూర్చుని కొట్టిన ముప్పై పేజీలున్నాయి. పుస్తకం వేద్దామనుకున్నారు, కుదర్లేదు. ఇప్పుడు తాతయ్య లేడు. ప్రింటు ఒక్కటీ దొరకలేదు.

సీటీసీలో మెట్ల దగ్గరే "క్యా హోనా భయ్యా, ల్యాప్‌టాప్?" అని పిలుపు. ఐడీఈ డిస్క్ అనగానే కుర్రాళ్ళు మొహాలు చూసుకున్నారు. మూడో షాపులో ఒక పెద్దాయన డ్రాయర్‌లోంచి అడాప్టర్ తీసి, కరెంటిచ్చి, డిస్క్‌ని చెవి దగ్గర పెట్టుకుని డాక్టర్‌లా "తిరుగుతోంది" అన్నాడు.

ఫైల్ దొరికింది. ఆయన పాత ఎక్స్‌పీ సిస్టమ్‌లో పేజ్‌మేకర్ కూడా ఉంది. తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టారు. ఫాంట్ లేకపోతే తెలుగే లేదు. ఆరేళ్లుగా కోడ్ రాస్తున్నా, ఆ నిమిషం నా చేతులు ఆడలేదు.

నాన్నకి ఫోన్ చేశా. "అదే డిస్క్‌లో విండోస్ ఫోల్డర్‌లో ఫాంట్స్ ఉంటయ్ చూడరా" అన్నాడు, ఇంతేనా అన్నట్టు.

కాపీ చేశాం. తెలుగొచ్చింది.

వీడియో కాల్‌లో చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండో లైన్ల వత్తు ఎగిరిపోయింది. మీ తాత చూస్తే ఊకోడు, దిద్దు" అన్నాడు.

కింది లైన్లోంచి అదే వత్తు కాపీ చేసి అక్కడ అతికించా. పెద్దాయన మూడొందలు తీసుకున్నాడు. అడాప్టర్ మాత్రం ఎంతిచ్చినా అమ్మనన్నాడు.