పడకకుర్చీ సైకిలు

సామాన్యమైన సైకిలు నెక్కినవాడు ముందునకు వంగి కూర్చుండును. దేహభారములో అధికభాగము చిన్న సీటుపైని, మిగిలినది చేతులపైని పడును. కొద్దిదూరము పోవువానికి ఇది బాధగా తోచదు. దినమంతయు త్రొక్కువానికి మాత్రము అరచేతులు తిమ్మిరి పట్టును, మెడ పట్టుకొనును, నడుము సలుపును. ఈ బాధకు విరుగుడుగా కొందరు కోరుకొను వాహనమే వాలుసైకిలు. ఇంగ్లీషున దీనికి రికంబెంట్ సైకిలని పేరు. దీని సీటు పడకకుర్చీవలె వెనుకకు వాలియుండును. పెడళ్లు కాళ్లక్రింద కాక ముందువైపున నుండును. వీనిలో పూర్తిగా పరుండునట్టివి కొన్ని, సగము కూర్చుండి సగము వాలియుండునట్టివి కొన్ని కలవు. ఈ రెండవ రకమే నిత్యప్రయాణమునకు అనుకూలమైనది.

దీనిని సోమరుల వాహనమని కొందరు పరిహసింతురు. చరిత్ర ఆ మాటను ఒప్పుకొనదు. ఫ్రాన్సు దేశమున షార్ల్ మొషే అనునాయన కాళ్లతో త్రొక్కు చిన్న కార్లను నిర్మించెడివాడు. ఆ పనినుండియే ఆయన రెండు చక్రముల వాలుసైకిలును రూపొందించెను. 1933 జూలై 7వ తేదీన పారిసు నగరములో ఫ్రాన్సిస్ ఫోర్ అను పందెగాడు దానిపై ఒక గంటలో 45 కిలోమీటర్లకు పైగా పోయి, 1914 నుండి చెక్కుచెదరక నిలిచిన ఆస్కార్ ఎగ్గు రికార్డును దాటెను. ఫోర్ ఆనాటి పందెగాండ్రలో అగ్రగణ్యుడు కాడు. వాలి కూర్చుండుటవలన గాలి అడ్డగింపు తగ్గెను. అదియే అతనికి గొప్ప సాయమాయెను. కాని 1934లో అంతర్జాతీయ సైకిలు సంఘము పందెపు సైకిలు ఎట్లుండవలెనో నిర్ణయించుచు చేసిన నిబంధనలవలన వాలుసైకిలు సాధారణ పందెములకు దూరమాయెను. అయినను 1939లో ఫోర్, గాలిని చీల్చు తొడుగు గల వాలుసైకిలుపై, గంటలో 50 కిలోమీటర్ల మేరను కూడ దాటెను.

ఇంతటి వాహనమును కొన్నవారందరును సుఖపడుదురా? పడరు. సుఖము అంగడిలో సైకిలుతోపాటు కట్టి ఇచ్చెడి వస్తువు కాదు. పడకకుర్చీలో కూర్చున్నవాని కాళ్లకు పని లేదు. వాలుసైకిలులో కూర్చున్నవాని కాళ్లకు విరామము లేదు. నిమిషమునకు 60 చుట్లు త్రొక్కినచో, ఒక్కొక్క మోకాలు గంటకు 3,600 సార్లు వంగి లేచును. సీటు తప్పుగా నున్నచో ఆ తప్పు గంటకు 3,600 సార్లు జరుగును. మామూలు సైకిలుపై గతుకు వచ్చినప్పుడు పెడళ్లపై నిలబడి తప్పించుకొనవచ్చును. వాలుసైకిలులో ఆ వీలు లేదు. కావున ఆసనమును సరిచేసికొనుటయే మొదటి పని.

మొదట చూడవలసినది దూరము. సైకిలును గోడప్రక్క నిలిపి, ఒక మిత్రుని పట్టుకొనుమని చెప్పి, నిత్యము తొడుగు చెప్పులతో లేక బూట్లతో సీటులో వీపు ఆనించి కూర్చుండవలెను. పెడలును మిక్కిలి దూరమైన చోటికి త్రిప్పి దానిపై మడమ నుంచవలెను. అప్పుడు కాలు తిన్నగా చాచుకొనవలెను. తుంటి మాత్రము కదలరాదు. పిమ్మట మడమకు బదులు పాదపు ముందుభాగమును పెడలుపై నుంచినచో, మోకాలు కొంచెము వంగి నిలుచును. ఆ కొంచెపు వంపే కావలసినది. సీటు మరీ దగ్గరగా నున్నచో మోకాటిచిప్ప చుట్టును నొప్పి పుట్టును. మరీ దూరముగా నున్నచో మోకాటి వెనుక నరము లాగినట్లుండును. తుంటి ఇటునటు ఊగును. కొన్ని సైకిళ్లలో సీటే ముందువెనుకలకు జరుగును. కొన్నింటిలో సీటు స్థిరముగా నుండి, పెడళ్లున్న గొట్టము జరుగును. అట్టివానిలో గొలుసు పొడవు కూడ మార్చవలసి రావచ్చును.

రెండవది వాలు. సీటు నిటారుగా నున్నచో బరువంతయు పిరుదులపై పడి, కొంతసేపటికి మంట పుట్టును. వెనుకకు వాల్చినకొలది ఆ బరువు వీపంతటను పరచుకొనును. కాని మరీ వాల్చినచో, దారి చూచుటకై మెడను ముందునకు ఎత్తి పట్టవలసి వచ్చును. పిరుదులును మెడయు రెండును ఫిర్యాదు చేయని వాలే సరియైన వాలు. వాలు మార్చినప్పుడెల్ల దూరమును మరల పరీక్షింపవలెను. ఏలయన ఒకటి మారిన రెండవది మారకమానదు.

మూడవది పాదములు. పెడళ్లు ఎత్తున నున్న సైకిలుపై చిరకాలము త్రొక్కినచో వ్రేళ్లు తిమ్మిరి పట్టుట కద్దు. బూట్ల త్రాళ్లు వదులు చేయుట, పాదమును పెడలుపై కొంచెము జరుపుట, నడుమ నడుమ ఆగి నాలుగడుగులు నడచుట దీనికి సులభోపాయములు. మరియొక జాగ్రత్త కలదు. సీటు వీపును ఆపియుంచుటచేత, ఎత్తు ఎక్కునప్పుడు దానికి తన్నిపెట్టి బలముగా త్రొక్కవలెనని బుద్ధి పుట్టును. ఆ బలమంతయు మోకాళ్లకే తగులును. తేలికైన గేరు వేసి, వేగము తగ్గించి, నెమ్మదిగా ఎక్కుటయే వివేకము.

ఈ పనిలో తొందరకు తావు లేదు. ఒకేసారి దూరమును, వాలును, హ్యాండిలును మార్చినవానికి, ఏ మార్పు మేలు చేసినదో, ఏది కీడు చేసినదో తెలియదు. ఒక్కొక్క దానిని కొద్దికొద్దిగా మార్చవలెను. మార్చుటకు ముందు పాత స్థానమున గుర్తు పెట్టుకొనవలెను. బోల్టు గట్టిగా బిగించి, రెండు మూడు దినములు త్రొక్కి చూచి, నొప్పి ఎక్కడ కలిగినదో పుస్తకములో వ్రాసికొనవలెను. అన్నకు సరిపోయిన స్థానము తమ్మునికి సరిపోదు. ఒకే ఎత్తువారైనను ఒకరి కాళ్లు పొడవు, మరియొకరి నడుము పొడవు. ఆసనమునకు స్థిరత్వము, సుఖము రెండును కావలెనని పెద్దలు చెప్పుదురు. అవి ఒకరినుండి మరియొకరు అరువు తెచ్చుకొనునవి కావు.

నొప్పిని సహించుటయే పౌరుషమని తలచువారు లోకమున పెక్కురు. పరుల కష్టము తీర్చుటకై తాను నొప్పి సహించుట పౌరుషమే. సీటును అరంగుళము జరుపుకొనక నొప్పి సహించుట పౌరుషము కాదు, ఏమరుపాటు. మెడనొప్పిచేతనో, మణికట్టు నొప్పిచేతనో సైకిలు మానవలసి వచ్చిన పెద్దవారికి వాలుసైకిలు మరల దారి చూపగలదు. అట్టివానికి ఆ అరంగుళము అల్పమైనది కాదు. అది కుదిరినచో ఆయన తన కాళ్ల బలముతో ఊరు చూచి వచ్చును. కుదరనిచో సైకిలు వసారాలో దుమ్ము పట్టును, ఆయన ఇంటనే కూర్చుండును. యంత్రమునకు దేహమును వంచుట సులభము. దేహమునకు తగినట్లు యంత్రమును దిద్దుకొనుటకు ఓర్పు కావలెను. ఆ ఓర్పు గలవానికే దూరపు దారి దగ్గరగును.