చిల్లర డబ్బులతో సముద్రాన్ని ఎదిరించే ఊరు

మాంచెస్టర్‌లోనో, ప్రెస్టన్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మలు, అత్తగార్లు తప్పకుండా చూసి వచ్చే ఊరు బ్లాక్‌పూల్. అక్కడి టవరు, రంగురంగుల దీపాలు, బీచిలో గాడిద సవారీలు... ఫొటోల నిండా అవే! దానికి 5 మైళ్ల ఇవతల సెయింట్ యాన్స్ అని ఒక చిన్న ఊరుంది. దాన్ని మాత్రం పట్టించుకునేవాళ్లు తక్కువ. ప్రెస్టన్‌లో బండి మారి బ్లాక్‌పూల్ సౌత్ వెళ్లే రైలెక్కితే, లైథమ్ దాటాక రెండో స్టేషను ఇదే. దిగి కాస్త దూరం నడిస్తే చాలు, సముద్రం ఒడ్డున ఉంటారు.

సముద్రం అన్నాను గానీ, పోటు లేని వేళ వెళితే నీళ్లు వెతుక్కోవాల్సిందే. కనుచూపు మేర ఇసుకే. 1885లో కట్టిన పియర్ ఆ ఇసుకలోకి చెయ్యి చాచినట్టు ఉంటుంది. ఐస్‌క్రీములు, ఇసుక గూళ్లు కట్టే పిల్లలు, కుక్కల్ని తిప్పే పెద్దవాళ్లు. చూడ్డానికి ఎంత శాంతంగా ఉంటుందో! ఒడ్డునే ఒక రాతి విగ్రహం కనిపిస్తుంది. రాజూ కాదు, మంత్రీ కాదు. పడవ తెడ్డు వేసే ఒక మామూలు మనిషి. ఆ విగ్రహం 1888లో వెలిసింది. ఇప్పుడు మన ఊళ్లలో కూడా కనిపించే చందా డబ్బాలకీ, జెండా రోజులకీ, ఆ విగ్రహానికీ ఒక చుట్టరికం ఉంది.

ఆ చలికాలపు రాత్రి

1886 డిసెంబరు 9. లివర్‌పూల్ నుంచి దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌కు బయలుదేరిన 'మెక్సికో' అనే జర్మనీ ఓడ తుపానులో చిక్కుకుని, ఈ తీరానికి ఎదురుగా సౌత్‌పోర్ట్ దగ్గర ఇసుక మేటలో కూరుకుపోయింది. ఓడలో ఉన్నది 12 మంది. వాళ్లని కాపాడడానికి మూడు ఊళ్ల నుంచి మూడు ప్రాణరక్షణ పడవలు బయలుదేరాయి. ఇంజన్లు లేవు. తెడ్లు, తెరచాపలు, మనుషుల రెక్కల కష్టం, అంతే!

లైథమ్ నుంచి వెళ్లిన పడవ కొత్తది. ప్రాణాలు కాపాడే పని మీద అది వెళ్లడం అదే మొదటిసారి. ఓడలోని 12 మందినీ ఒడ్డుకు చేర్చింది. సౌత్‌పోర్ట్ పడవ ఓడ దగ్గరికి చేరాక తిరగబడింది. అందులోని 16 మందిలో ఇద్దరే మిగిలారు. సెయింట్ యాన్స్ పడవలో వెళ్లింది 13 మంది. తెల్లవారాక ఆ పడవ అవతలి ఒడ్డున బోర్లాపడి దొరికింది. ఒక్కరూ తిరిగి రాలేదు.

మొత్తం 27 మంది. వాళ్ల వెనక 16 మంది వితంతువులు, 50 మంది తండ్రిలేని పిల్లలు. బ్రిటన్ ప్రాణరక్షణ పడవల చరిత్రలో ఒకే ఘటనలో ఇంతమంది పోవడం ఇంకెప్పుడూ జరగలేదు.

వార్త తెలిసి దేశమంతా కదిలిపోయింది. విక్టోరియా రాణి డబ్బు పంపింది. ఓడ జర్మనీది కాబట్టి జర్మన్ చక్రవర్తీ పంపాడు. ఊరూరా చందాలు పోగయ్యాయి. ఆ కుటుంబాలకి కాస్త ఆసరా దొరికింది. బాగానే ఉంది. కానీ మళ్లీ తుపాను వస్తే? కొత్త పడవలెవరు కొంటారు? తాళ్లూ, తెడ్లూ, బెరడు బద్దల రక్షణ చొక్కాలూ ఎవరిస్తారు? కన్నీళ్లు ఆరాక చందాలూ ఆగిపోతాయి. ఇది ఏ దేశంలోనైనా ఒకటే కదా!

వందమంది జేబుల మీద...

ఈ పడవల్ని నడిపే సంస్థ పేరు రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్. పుట్టింది 1824లో. ధర్మసంస్థే గాని ప్రభుత్వ శాఖ కాదు. సెయింట్ యాన్స్‌లో ఇల్లున్న చార్లెస్ మకారా అనే నూలు మిల్లుల యజమాని ఈ ఘోరాన్ని దగ్గర నుంచి చూశాడు. (అన్నట్టు, మన మగ్గాల నోరు కొట్టిన మాంచెస్టర్ మిల్లు గుడ్డ తెలుసు కదా! ఆ వ్యాపారంలోని పెద్దల్లో ఈయనా ఒకరు.) సంస్థ లెక్కలు తిరగేస్తే ఆయనకి ఒక విషయం తెలిసింది. వచ్చే ఆదాయంలో మూడింట రెండు వంతులు సుమారు వందమంది ధనవంతులే ఇస్తున్నారు! ఆ వందమందికీ మనసు మళ్లితే సముద్రంలో మనిషికి దిక్కెవరు?

'డబ్బున్నవాళ్ల గుమ్మాల్లో నిలబడ్డం ఎందుకు, వీధిలోకే వెళదాం' అనుకున్నారు. 1891 అక్టోబరులో ఒక శనివారం మాంచెస్టర్ వీధుల్లో ఊరేగింపు తీశారు. బ్యాండు మేళాలు, అలంకరించిన బళ్లు, వాటి మధ్య నిజం ప్రాణరక్షణ పడవలు! సముద్రం ముఖం చూడని మిల్లు కూలీలు కూడా వింతగా గుమిగూడారు. 30 వేలమందికి పైగా వచ్చారని లెక్క. ఆ ఒక్కరోజునే 5 వేల పౌండ్లు దాటి వచ్చాయి. రికార్డులకి ఎక్కిన మొట్టమొదటి వీధి చందా ఇదేనని ఆ సంస్థ చెప్పుకుంటుంది.

ఇందులో మనం గుర్తుపెట్టుకోవాల్సిన పేరు ఇంకొకటుంది. మకారా గారి భార్య మేరియన్. ఊరేగింపు ఒక్కరోజు ముచ్చట. ఏడాదేడాదికీ ఆ డబ్బు రావాలంటే ఇల్లిల్లూ తెలిసినవాళ్లు కావాలి, ఓపికా కావాలి. ఆ పని ఆడవాళ్లదే అని ఆమె గ్రహించింది. మహిళా సంఘాలను కూడగట్టింది. చందా వసూలుకు వాళ్లు కనిపెట్టిన ఉపాయం వింటే నవ్వొస్తుంది. పొడవాటి కర్రల చివర సంచులు కట్టి, రెండంతస్తుల ట్రాముల పైన కూర్చున్న వాళ్ల ముందుకూ, మేడ కిటికీల దగ్గరికీ చాపేవాళ్లు! ఇక ఎవరు మాత్రం తప్పించుకుంటారు చెప్పండి? రాగి డబ్బులే పడ్డాయి. అయితేనేం, వేసిన ప్రతివాడికీ 'ఆ పడవలో నాదీ ఒక మేకుంది' అనిపించింది.

కాఫీ, కేకు, ఒక లాటరీ చీటీ

ఆ వరస ఇప్పటికీ తెగలేదు. తీరప్రాంతపు ఊళ్లలో వేసవి వస్తే 'లైఫ్‌బోట్ డే' జరుగుతుంది. ఏడాది పొడుగునా అప్పుడప్పుడూ చర్చి హాల్లోనో, ఎవరింట్లోనో 'కాఫీ మార్నింగ్' పెడతారు. మీరు అక్కడుండగా వీధిలో ఇలాంటి కాగితం అంటించి ఉంటే మొహమాటపడకుండా వెళ్లండి. ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఫరవాలేదు. నవ్వు ముఖం, చేతిలో కాస్త చిల్లర ఉంటే చాలు!

లోపల ఒక బల్ల నిండా ఇంట్లో చేసిన కేకులు. స్కోన్లు, వాటి మీద జామూ మీగడా. లంకషైర్ వాళ్ల సొంత వంట ఎకల్స్ కేకు కూడా ఉండొచ్చు. పొరలు పొరలుగా ఉండే పిండిలో నల్ల కిస్మిస్ కూరి కాలుస్తారు. మన కజ్జికాయకి దూరపు చుట్టం అనుకోండి. ఇక విక్టోరియా స్పాంజి లేని కాఫీ మార్నింగ్ అరుదు. ఇది ఆ రాణిగారి పేరు పెట్టుకున్న కేకే. కొలత చాలా తేలిక. గుడ్లను పెంకుతో సహా తూచి, అంతే బరువు వెన్న, అంతే పంచదార, అంతే మైదా తీసుకోవడం. రెండు పలకలుగా కాల్చి మధ్యలో జాము పూస్తారు.

ఇంకో బల్ల మీద 'టాంబోలా'. పేరు విని మన హౌసీ అనుకునేరు, ఇది వేరు. సబ్బులు, జాము సీసాలు, చాక్లెట్ డబ్బాలు వరసగా పేర్చి ప్రతిదానికీ 0తోనో 5తోనో ముగిసే నంబరు అంటిస్తారు. బుట్టలోంచి మనం తీసిన చీటీ అలాంటి నంబరుదైతే ఆ వస్తువు మనదే. వస్తువులన్నీ ఎవరింట్లోంచో తెచ్చి ఇచ్చినవే. పోయిన ఏడాది మనం గెల్చుకున్న సబ్బు ఈ ఏడాది మళ్లీ బల్లెక్కినా ఆశ్చర్యం లేదు!

ఇందులో పెద్ద కిటుకు ఏమీ లేదు. పిండీ వెన్నా ఎవరివి వాళ్లవే. చాకిరీ ఉచితం. హాలు అద్దె పోను వచ్చిందంతా పడవకే. ఇచ్చేవాళ్లు అక్కడ ఆదాయపు పన్ను కట్టేవాళ్లయి, ఒక ఫారం మీద సంతకం చేస్తే, వాళ్లిచ్చిన ప్రతి పౌండుకూ సర్కారు ఇంకో 25 పెన్నీలు కలుపుతుంది.

వీధిలో డబ్బా పట్టుకునే వాళ్లకి కట్టుబాట్లు గట్టిగానే ఉన్నాయి. స్థానిక కౌన్సిలు అనుమతి కావాలి. డబ్బాకి సీలు ఉండాలి. దాన్ని ఒక్కరే తెరవకూడదు, బాధ్యత గల మరొకరు ఎదురుగా ఉండాలి. లెక్క ప్రకటించాలి. 'మా మీద నమ్మకం లేదా?' అని అక్కడ ఎవరూ అలగరు. డబ్బా పట్టుకున్న మనిషికి ఆ సీలే రక్ష.

ఆ చిల్లర ఎంత దూరం వెళుతుందంటారా? ఇప్పటి షానన్ తరగతి పడవ ఒక్కటి 20 లక్షల పౌండ్లు దాటుతుంది. సెయింట్ యాన్స్‌లోనూ అలాంటిదే ఉంది. ఇసుక మీదుగా ట్రాక్టరు లాక్కెళ్లి నీళ్లలో దింపుతుంది. పెద్ద మొత్తాలు వీలునామాల ద్వారా వస్తాయి. అయితే కాఫీ తాగుతూ పడవ కబుర్లు వినే ముసలమ్మే కదా రేపు వీలునామాలో ఆ పేరు రాసేది! పడవెక్కేవాళ్లలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద సేవకులే. 2024లో సంస్థకి 200 ఏళ్లు నిండాయి. అప్పటికి కాపాడిన ప్రాణాలు 1,46,000కు పైమాటే.

మనకూ ఒక సముద్రం ఉంది

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసిన సంగతి పెద్దవాళ్లెవరూ మర్చిపోరు. వేలమంది పోయారు. ఎన్టీ రామారావు, అక్కినేని వంటి నటులు జోలె పట్టి తిరిగితే జనం చేతికందింది ఇచ్చారు. బియ్యం, చీరలు, దుప్పట్లు... మనకి మనసు లేదని ఎవరంటారు? ఇంట్లో రోజూ అన్నానికి ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసే ఆనవాయితీ మనది. పిడికెడు బియ్యం కుండా, సీలేసిన డబ్బా అక్కచెల్లెళ్లే!

తేడా ఒక్కచోటే. కష్టం కళ్లముందున్నప్పుడు అందరం ఇస్తాం. సెయింట్ యాన్స్ ఆడవాళ్లు సముద్రం నిద్రపోతున్నప్పుడు కూడా కేకు చేస్తారు. తుపాను మధ్యలో పడవ కొనలేమని వాళ్ల ఊరు 13 ప్రాణాలిచ్చి నేర్చుకుంది. మన మహిళా మండళ్లు సంక్రాంతికీ, దసరాకీ పెట్టే ఆనందమేళాలో పులిహోర, మిర్చి బజ్జీ, ఆవకాయ సీసా అమ్మిన డబ్బు కూడా అలాంటిదే. వేదిక మీద దండలకీ, శాలువాలకీ పోకుండా, ఏటా ఒకే పనికి ముడిపెట్టి, జమాఖర్చు నోటీసు బోర్డు మీద అంటిస్తే చాలు, మరుసటి ఏడాది బల్ల ముందు జనం తమంతట తామే నిలబడతారు.

సెయింట్ యాన్స్ వెళ్లినవాళ్లు లైథమ్‌లో కూడా దిగండి. పచ్చిక మైదానం మీద 1805 నాటి గాలిమర ఉంది. దాన్ని ఆనుకుని పాత ప్రాణరక్షణ పడవ ఇల్లు. ఇప్పుడది మ్యూజియం. ఆ 12 మందిని ఒడ్డుకు చేర్చిన పడవ లైథమ్‌దే. తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్లి చూడండి. చందా డబ్బా కనిపిస్తే ఒక నాణెం వేసి రండి.