బ్రూక్‌లాండ్స్‌లో మా నాన్న

మా నాన్నకి లండన్ అంతగా ఎక్కలేదు. థేమ్స్ చూపిస్తే "కృష్ణ ముందు ఇదేం నదిరా" అన్నాడు. బిగ్‌బెన్ దగ్గర కాసేపు నిలబడి, "ఇంత పెద్ద గడియారానికి లోపల పళ్ళచక్రాలు ఎంతెంతుంటాయో" అని ఊరుకున్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా లేత్ ముందు నిలబడ్డ మనిషి. ఇక్కడికొచ్చి పది రోజులైంది. చేతికి పని లేకపోవడమే ఆయన అసలు జబ్బు.

ఆ లేత్ అమ్మేయమని రెండేళ్ళుగా నేనే పోరుతున్నాను. మోకాళ్ళ నొప్పులు, షెడ్డు అద్దె, అంతంతమాత్రం పని... ఇంకా ఎందుకని నా వాదన. కొనేవాడు కూడా దొరికాడు. "లండన్ నుంచి వచ్చాక చెబుతా" అని అతనికి మాటిచ్చి వచ్చాడు నాన్న. ఇందులో నా గిల్టు కూడా కొంత ఉందిలెండి. ఆ లేత్ సంపాదించిన డబ్బుతోనే మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాగానే ఎగిరి వచ్చేసినవాణ్ణి నేను.

ఆ శనివారం వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కి వేబ్రిడ్జ్‌లో దిగాం. అక్కడినుంచి కొంచెం నడక. "ఏముందిరా అక్కడ?" అంటే "పాత కార్లు" అన్నాను. "పాత కార్లు చూడ్డానికి ఇంత దూరమా? మన ఆటోనగర్‌లో లేవూ!" అన్నాడు.

బ్రూక్‌లాండ్స్ మ్యూజియంలో ముందు మనల్ని ఆపేది కార్లు కాదు, రోడ్డు. చెట్ల మధ్య నుంచి ఒక సిమెంటు గోడ ఒరిగి పైకి లేస్తుంది. దగ్గరికెళ్తేగానీ అది గోడ కాదు, కార్లు పరుగెత్తిన ట్రాక్ అని తెలియదు. పై అంచు ఎత్తు దాదాపు 30 అడుగులు. నాన్న తలెత్తి చూసి, "ఎగ్జిబిషన్‌లో మృత్యుబావిలో మోటార్‌సైకిల్ తిప్పుతారే, ఆ లెక్కేనా?" అన్నాడు. సరిగ్గా అదే లెక్క. బండి మలుపు తిరుగుతుంటే బయటికి జారిపోవాలని చూస్తుంది. రోడ్డే లోపలికి వాలి ఉంటే ఆ రోడ్డే బండిని వంపులోకి నెడుతుంది, వేగం తగ్గించక్కర్లేదు. నేను ఈ సూత్రాన్ని పరీక్షలో పది మార్కుల కోసం రాశాను. కళ్ళతో చూడటం ఇదే మొదలు.

దీని కథ కూడా బాగుంటుంది. 1900ల మొదట్లో ఇంగ్లండ్ రోడ్ల మీద వేగ పరిమితి గంటకి 20 మైళ్ళు. అంటే మన లెక్కలో 32 కిలోమీటర్లు. ఇక కార్లని పరీక్షించేదెక్కడ? హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి తన సొంత ఎస్టేట్‌లో, సొంత ఖర్చుతో 2.75 మైళ్ళ చుట్టు ట్రాక్ కట్టించాడు. 1907లో మొదలైంది. ప్రపంచంలో కారు పందేల కోసమే కట్టిన మొదటి ట్రాక్ ఇదే. మొదట్లో నడిపేవాళ్ళు గుర్రప్పందెం జాకీల్లా రంగురంగుల చొక్కాలు వేసుకునేవారట, ఎవరెవరో గుర్తుపట్టడానికి.

అసలు వైభవం మాత్రం రెండు ప్రపంచ యుద్ధాల మధ్య. 1926లో బ్రిటన్ మొదటి గ్రాండ్ ప్రీ ఇక్కడే జరిగింది. కార్ల మోత భరించలేక చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కోర్టుకెక్కితే సైలెన్సర్లు తప్పనిసరి చేశారు. రాత్రిపూట నడపకూడదు కాబట్టి, 24 గంటల పందేన్ని పగలు 12 గంటల చొప్పున రెండు రోజులకి విరిచి పెట్టారు. పేరు డబుల్ ట్వెల్వ్. ఏ దేశమైతేనేం, పక్కింటివాళ్ళు పక్కింటివాళ్ళే!

ఆడవాళ్ళూ తక్కువ తినలేదు. కే పీటర్ అనే ఆవిడ అయిదడుగులు కూడా లేదు. పెడల్స్ అందడానికి వాటికి చెక్కముక్కలు బిగించుకుని, పదిన్నర లీటర్ల డెలాజ్ కారులో 1935లో గంటకి 134.75 మైళ్ళ వేగంతో ట్రాక్ చుట్టేసింది. ఆ ఏడాదే గ్వెండా హాక్స్ 135.95తో దాన్ని దాటింది. ఇది చెబితే నాన్న, "మీ అమ్మకి స్కూటీ నేర్పిస్తానంటే వద్దన్నాన్రా అప్పట్లో" అని తనలో తనే నవ్వుకున్నాడు.

షెడ్డులోకి వెళ్ళాక మాత్రం నాన్న మాటలు ఆగిపోయాయి. ఎదురుగా నేపియర్-రెయిల్టన్. 1933లో రీడ్ రెయిల్టన్ డిజైన్ చేస్తే, ఈ ట్రాక్ పక్కనే ఉన్న థామ్సన్ అండ్ టేలర్ వర్క్‌షాపువాళ్ళు తయారుచేశారు. ఇంజన్ విమానానిది. నాలుగేసి సిలిండర్లు మూడు వరుసలు, మొత్తం దాదాపు 24 లీటర్లు. మన ఊళ్ళో తిరిగే 1.2 లీటర్ల చిన్నకార్ల ఇంజన్లు ఇరవై కలిపితే ఇది. అంత రాక్షసికి ముందు చక్రాలకి బ్రేకులే లేవు, వెనకే! జాన్ కాబ్ అనే ఫర్ వ్యాపారి దీన్ని నడిపేవాడు. 1935 అక్టోబరు 7న గంటకి 143.44 మైళ్ళతో ఈ ట్రాక్ రికార్డు పెట్టాడు. ఆ రికార్డుని ఎవరూ కొట్టలేదు.

అక్కడ ఒక ముసలాయన గుడ్డతో ఏదో పార్ట్ తుడుస్తున్నాడు. జీతం లేకుండా పనిచేసే వాలంటీర్. నాన్నకి ఇంగ్లీషు రాదు. నాలుగు వేళ్ళు మూడుసార్లు చూపించాడు. ఆయన తలూపాడు. నాన్న అరచేతిని గుండ్రంగా పట్టి పిస్టన్ సైజు అడిగాడు. ఆయన తన వేళ్ళతో కొలత చూపించి, నాకేసి తిరిగి అయిదున్నర అంగుళాలన్నాడు. "అమ్మో! మన షెడ్డుకొచ్చిన ఏ లారీకీ అంత లేదు" అన్నాడు నాన్న. ఆయన నాన్న చేతుల్ని చూశాడు. ఎన్ని సబ్బులతో కడిగినా పోని ఇనప రజను నలుపు, చూపుడువేలి మీద పాత మచ్చ. ఏమనుకున్నాడో, తన ఎడమచెయ్యి తిప్పి తన మచ్చ చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత అరగంటసేపు నాతో ఎవరికీ పని పడలేదు. మెకానికల్ డిగ్రీ ఉన్నవాణ్ణి, పక్కన సంచి పట్టుకుని నిలబడ్డాను.

బయటికొచ్చాక మిగిలిన కథ చెప్పాను. వే నది మీద ట్రాక్ దాటే వంతెన కాలక్రమేణా కుంగి, అక్కడో పెద్ద ఎగుడు ఏర్పడింది. కాబ్ కారు ఆ ఎగుడు మీద నేల విడిచి గాల్లోకి లేచిన ఫొటో చాలా ప్రసిద్ధి. 1939లో రెండో ప్రపంచ యుద్ధం రావడంతో పందేలు ఆగిపోయాయి. ఇక్కడ హరికేన్, వెల్లింగ్టన్ యుద్ధవిమానాలు తయారయ్యాయి. దారుల కోసం ట్రాక్‌ని అక్కడక్కడా కోసేశారు. యుద్ధం ముగిశాక విమాన కంపెనీ కొనేసింది. మళ్ళీ పందెం జరగలేదు. ఆ కారు మాత్రం బతికింది, కొన్నాళ్ళు పారాచూట్లని పరీక్షించే పని కూడా చేసింది.

తిరుగు రైల్లో నాన్న చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"ఆ బండి ఇప్పటికీ స్టార్టవుతుందా?"

"అప్పుడప్పుడూ నడిపి చూపిస్తారట నాన్నా."

"తొంభై ఏళ్ళ బండి!" అన్నాడు. ఇంకాసేపటికి, "మన లేత్‌కి నలభై కూడా లేవురా" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. ఏం మాట్లాడినా మోకాళ్ళ దగ్గరికి, అద్దె దగ్గరికే వెళ్తుంది. అవేమీ అబద్ధాలూ కావు.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతుంటే విజయవాడ నుంచి ఫోన్, ఆ కొనేవాడే. నాన్న ఫోన్ ఎత్తకుండా నా మొహంలోకి చూశాడు.

"నీ ఇష్టం నాన్నా" అన్నాను. రెండేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి.