ఎర్ర ఆయిలే గదా

మా నాయినకు ఎడమ మోకాలు వంగదు. మర్రిగూడ మండలంలో పుట్టి, ఉద్యోగం వచ్చేదాకా అక్కడి నీళ్లే తాగిన మనిషి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే ఆ నీళ్లు తాగరాదన్న లెక్క ఊళ్లోకి వచ్చేసరికే ఆయన తరం వాళ్ల కీళ్లు బిగుసుకుపోయాయి. పటికతో, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను దించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. మా జిల్లాకు అట్లా కూడా కీర్తి దక్కింది. పంతులుగా రిటైరయ్యాక పానగల్‌లో ఇల్లు ఎందుకు కట్టుకున్నారని ఎవరడిగినా ఆయన చెప్పే కారణం ఒక్కటే. ఎదురుగా ఉదయసముద్రం ఉంది, అందులోకి వచ్చేవి సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు.

క్లచ్ తొక్కలేని మనిషికి గేర్లు వాటంతట అవే మారే బండి కావాలె. 2016లో సెకండ్ హ్యాండ్‌లో ఐ10 ఆటోమేటిక్ దొరికింది, 2010 మోడల్, నాలుగు గేర్లది. ఎడమకాలు చాపుకొని కూర్చుని కుడికాలితోనే అంతా నడిపేవాడు నాయిన. ఆ బండి వచ్చాకే ఆయన మళ్లీ ఒక్కడే నల్లగొండ పోయి రావడం మొదలైంది.

2019 మే నెలలో పోర్టికో బండల మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. యాక్సిల్ దగ్గర సీల్ పోయి గేర్‌బాక్స్ ఆయిల్ కారుతోంది. టౌన్‌లో ఒక షెడ్డుకు తీసుకుపోయాను. సీల్ మార్చడం చక్కగానే జరిగింది. పాత ఆయిల్ కిందికి దించేసి, మేస్త్రి అరలోంచి డబ్బాలు తీశాడు. పవర్ స్టీరింగ్‌కు పోసేది, డెక్స్‌రాన్ 3.

“ఇదే పోస్తరా?” అని అడిగాను.

“ఎర్ర ఆయిలే గదా సార్, ఏదైతేంది?”

నేను తల ఊపాను. ఇందులో తప్పు అతని ఒక్కడిదే అని ఈ రోజుకీ అనను. డ్యాష్‌బోర్డు అరలో బండి పుస్తకం ఉంది. తీసి చూడాలన్న ఆలోచన నాకే రాలేదు.

వారం గడిచింది. పొద్దున స్టార్ట్ చేసి ‘డి’లో వేస్తే, ఒక క్షణం ఆగి, వెనక నుంచి ఎవరో గుద్దినట్టు ముందుకు ఉరికేది. యాభై, అరవై వేగంలో సన్నటి వణుకు, స్పీడ్ బ్రేకర్ గీతల మీద పోతున్నట్టు. వీల్ బ్యాలెన్సింగ్ చేయించాను. అలైన్‌మెంట్ చేయించాను. డబ్బులు పోయాయి గాని వణుకు పోలేదు. నార్కట్‌పల్లి రోడ్డు మీద ఒకరోజు నాయిన యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం ఎత్తాడు, వణుకు ఆగింది. మళ్లీ తొక్కాడు, వచ్చింది.

“చక్రాలదైతే కాలెత్తంగనే ఆగదురా. ఇది లోపలిది” అన్నాడు.

ఆ రాత్రి పుస్తకం తీసి, పిల్లల పేపర్లు దిద్దినట్టే పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు. ఒకచోట గీత గీసి నా ముందు పెట్టాడు. ఏటీఎఫ్ ఎస్పీ-3. డెక్స్‌రాన్ మాటే లేదు.

అప్పుడు మొదలుపెట్టి చదివాను, సిగ్గుతోనే. మామూలు గేర్‌బాక్స్‌లో ఆయిల్‌కు పళ్లు అరగకుండా చూడటమే పెద్ద పని. ఆటోమేటిక్‌లో ఆయిలే సగం యంత్రం. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ బలాన్ని గేర్ల వైపు మోసేది అది, వాల్వుల్లో ఒత్తిడిగా మారి గేరు మార్చేది అది, వేడిని గుంజుకుపోయేదీ అదే. వీటన్నిటికన్నా నాజూకైనది ఇంకొకటి. లోపలి క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. అవి ఎంతసేపు జారాలో, ఎక్కడ పట్టుకోవాలో ఆ ఆయిల్‌లో కలిపిన మందులే తేలుస్తాయి. జారుడు ఎక్కువైతే ప్లేట్లు మాడతాయి. సరిపోకపోతే పట్టీ పట్టనట్టు కొట్టుకుంటాయి. మా బండి వణుకు అదే.

ఆ జారుడు ఎంత ఉండాలన్నది కంపెనీకో తీరు. ఒకప్పుడు అమెరికాలో ఫోర్డ్ వాళ్లు గట్టిగా పట్టుకునే ఆయిల్ కోరితే, జనరల్ మోటార్స్ వాళ్లు మెత్తగా జారి పట్టేది కోరారు. ఆ మెత్తదనం కోసం తొలినాళ్ల డెక్స్‌రాన్‌లో తిమింగలం నూనె కలిపేవాళ్లట. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక వేరే మందులు వెతుక్కోవలసి వచ్చింది. ఎస్పీ-3 పుట్టింది జపాన్‌లో, మిత్సుబిషి వాళ్ల దగ్గర. హ్యుందాయ్ పాత ఆటోమేటిక్‌లకు మూలం ఆ డిజైన్లే గనక ఆ ఆయిలే వీటికీ వచ్చింది. ఎరుపంటారా, అది ఉత్త రంగు. కింద కారితే ఇంజిన్ ఆయిల్ కాదని తెలియడానికి కలిపేది.

నాయినకు ఇదంతా చెబితే నవ్వాడు. మా ఊరి ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా ఒక నీడ నిలబడి ఉంటుంది. చూస్తే ఒక్క స్తంభం నీడే. అది ఏ స్తంభానిదో పట్టుకుందామని వచ్చినవాళ్లంతా బయట అటూ ఇటూ నిలబడి చూస్తారు. ఒక్కదానిది కాదు గనక దొరకదు. “గా నీడ లెక్కనే ఉన్నదిరా నీ ఎరుపు” అన్నాడు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోయాను. మొదటి కొట్టులో పిల్లగాడు డెక్స్‌రాన్ 6 ముందు పెట్టి, “ఇది లేటెస్ట్ అన్నా, త్రీ కన్నా మంచిది” అన్నాడు. పక్క కొట్టులో ఎస్పీ-4 ఇచ్చారు, “మూడు కన్నా నాలుగు పెద్దది గదా” అని. ఎస్పీ-4 అనేది, తర్వాత వచ్చిన ఆరు గేర్ల గేర్‌బాక్స్‌ల కోసం చేసింది, పలచన. అన్ని బండ్లకూ పనికొస్తుందని అమ్మే డబ్బాలూ ఉన్నాయి. వాటన్నిటినీ మోసమనలేను, కొన్నిటి వెనక చిన్న అక్షరాల్లో ఎస్పీ-3 కూడా ఉంటుంది. నాకు మాత్రం ఒకసారి కాలింది. మూడో కొట్టులో పేరు సూటిగా అదే ఉన్న లీటరు డబ్బాలు పది తీసుకున్నాను.

ఈసారి ఆటోమేటిక్‌లు విప్పిన చేయి ఉన్న ఒక చాచా దగ్గరికి పోయాం. కింది బోల్టు విప్పి, కారిన ఆయిల్ పాత పేపర్ మీద రెండు చుక్కలు వేసి చూశాడు, వాసన చూశాడు. బోల్టు అయస్కాంతానికి బూడిదలాంటి మెత్తటి మడ్డి పట్టి ఉంది.

“గిది మామూలే సార్. ఇనుప పెచ్చులుంటే డబ్బా విప్పాల్సొచ్చేది. అల్లా మేలు చేసిండు.”

ఒక్కసారి దించితే మొత్తం రాదు. ఆరు లీటర్ల దాకా పట్టే చోట మూడే వచ్చింది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. కొత్తది పోసి, బండి తిప్పి, మళ్లీ దించి, మళ్లీ పోయడమే దారి. నాయిన అణాల్లో లెక్క కట్టాడు. మొదటిసారికి పాతది ఎనిమిదణాలు మిగుల్తుంది, రెండోసారికి నాలుగు, మూడోసారికి రెండణాలు. “రెండణాల పాపం బండి మోస్తది, చాలు” అన్నాడు.

మధ్యలో వారం వారం ఆగి, మూడుసార్లు చేయించాం. ప్రతిసారీ చాచా బండిని తిప్పి వేడెక్కించి, సమంగా ఉన్న నేల మీద ఇంజిన్ ఆపకుండానే గేర్ లివర్‌ను అన్ని చోట్లా ఆడించి, న్యూట్రల్‌లో పెట్టి, ఆ తర్వాతే డిప్ స్టిక్ తీసి ‘హాట్’ గుర్తు దగ్గర చూశాడు. ఈ కొలతా కంపెనీని బట్టి మారుతుంది. హోండాలకు ఇంజిన్ ఆపిన వెంటనే చూడాలట.

గుద్దుడు మొదటిసారికే తగ్గింది. వణుకు పూర్తిగా పోవడానికి మూడో విడత దాటి ఇంకో నెల పట్టింది. ప్లేట్లకు ఎంత దెబ్బ తగిలిందో విప్పి చూడలేదు, చూడాల్సిన అవసరం ఇప్పటిదాకా రాలేదు.

డిప్ స్టిక్ పిడికి నాయిన రేకు ముక్క ఒకటి తీగతో కట్టాడు. మేకుతో గీకి రాసిన అక్షరాలు: ఎస్పీ-3. పదో డబ్బా సీలు విప్పకుండా మా ఇంటి అటక మీదే ఉంది.