జ్యోతినగర్‌లో సింహచేప

పొగగొట్టాలను ఆనవాలు పట్టుకుని వెళితే జ్యోతినగర్‌కు దారి తప్పదు. రామగుండం విద్యుత్కేంద్రం వారి కాలనీ అది. చేరువనే సింగరేణి బొగ్గు, గోదావరి. సముద్రం మాత్రం ఎక్కడో! అయినా నేను దిగిన ఇంటి పిల్లవాడు గాజుతొట్టి చూపించి, “మామా, ఇందులోకి సింహచేపను తెప్పించుకోనా?” అన్నాడు.

ముచ్చటైన చేపే, కాదనను. ఒళ్లంతా ఎర్రచారలు, విసనకర్రల్లాంటి రెక్కలు. కాని అది పగడపుదిబ్బల వేటగాడు. ఆ రెక్కలు చాచి చిన్నచేపలను మూలకు తరిమి గుటుక్కున మింగుతుంది. తొట్టిలో అవి పారిపోయేదెక్కడికి? పైగా 18 విషపు ముళ్లు; తొట్టి కడిగే అమ్మ చేతికి గుచ్చుకుంటేనో?

పెరిగాక గోదావరిలో వదిలితే చస్తుంది, ఉప్పునీటి జీవి గదా. పరాయి సముద్రంలో వదిలితే మరీ ముప్పు. 1985లో ఫ్లోరిడా తీరాన మొదట కనబడ్డ సింహచేప, పెంపుడు తొట్లనుంచే వెళ్లిందని శాస్త్రజ్ఞుల అనుమానం. అది కరేబియన్ దాకా పాకి, అక్కడి చిన్నచేపలను ఊడ్చేస్తున్నది.

“అయితే కొరమీను?” అన్నాడు వాడు. అదీ వేటచేపేనాయె!