లీడ్స్ కబుర్లు - 4: మనోళ్ళేనా?

2017 సెప్టెంబరు. ఎమ్మెస్సీకని లీడ్స్‌లో దిగిన మొదటి వారం. బస్సెక్కితే డ్రైవరు "ఆల్‌రైట్, లవ్?" అన్నాడు. మగాణ్ణి పట్టుకుని ఈ లవ్వేంటో అర్థం కాలేదు. నా మొహం అంత పీక్కుపోయిందేమో అనుకుని, నిద్ర లేదనీ, జలుబు చేసిందనీ, అమ్మ గుర్తొస్తోందనీ చెప్పుకుపోయా. వెనక లైనంతా ఆగిపోయింది. అది మన "ఏం, బాగున్నావా?" లాంటి పలకరింపేనని తర్వాత తెలిసింది.

రెండోది టీ. పక్కింటి పెద్దావిడ సాయంత్రం ఆరింటికి టీకి రమ్మంది. టీయే కదా అని ముందే అన్నం, పప్పు కడుపునిండా తినేసి వెళ్ళా. చూస్తే టేబుల్ నిండా మాంసం, బంగాళాదుంపలు, కేకు. ఉత్తర ఇంగ్లండ్‌లో చాలామందికి 'టీ' అంటే రాత్రి భోజనం! కాదనలేక రెండోసారి తిన్నా.

తింటుంటే మా ఊరి టీకొట్టు గుర్తొచ్చింది. అక్కడ మా నాన్నకు గ్లాసు వేరు. చూరులోంచి తీసుకుని, తాగి, తనే కడిగి, మళ్ళీ చూరులో పెట్టాలి. ఇక్కడ నేను పళ్ళెం కడగబోతే ఆవిడ "చుట్టానివి, కూర్చో" అంది.

అసలు పొరపాటు మాత్రం తెలుగులోనే జరిగింది. వచ్చిన కొత్తలో షేరింగ్ రూమ్ ఉందంటే ఫోన్ చేశా. అవతల తెలుగు గొంతు. ప్రాణం లేచొచ్చింది.

"ఏ ఊరు తమ్ముడూ?"

"గుంటూరు దగ్గరన్నా."

"అయితే మనోళ్ళేనా?"

"మనోళ్ళమే అన్నా! తెలుగోళ్ళమే కదా!"

కాసేపు ఉలుకూ పలుకూ లేదు. "అది కాదు... ఇంటిపేరేంటి?"

చెప్పా. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది: రూమ్ నిండిపోయిందని. ఆ ప్రకటన మాత్రం ఇంకో మూడు వారాలు అలాగే ఉంది.

అంత అద్దె కట్టి ఒక్కడివే ఎందుకుంటున్నావని పెద్దావిడ అడిగింది. "క్యాస్ట్" అన్నా. గబుక్కున నా చేతులు చూసి, "ఏ చెయ్యి విరిగింది?" అంది. నేను పలికిన మాట ఆవిడకు ఎముక విరిగితే వేసే పిండికట్టులా వినపడింది! ఇద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత అసలు సంగతి చెప్పా. అరగంట పట్టింది. అప్పుడు ఆవిడ నవ్వలేదు.

కులాన్ని 2010 సమానత్వ చట్టం కిందకు స్పష్టంగా తేవాలని బ్రిటన్ పార్లమెంటు 2013లోనే ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది. నేను డిసర్టేషన్ రాస్తుండగా, 2018 జులైలో, ప్రభుత్వం ఆ పని చేయబోమంది. కోర్టు తీర్పులు చాలట.

విదేశాలకు వెళ్ళే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇంగ్లిష్ తప్పులకు సిగ్గుపడకండి. అవి నవ్వుకుంటే పోతాయి. "మనోళ్ళేనా?" అని ఎవరైనా అడిగితే మాత్రం "మనోళ్ళంటే ఎవరు?" అని తిరిగి అడగండి. ఆ మాట వాళ్ళ నోటితోనే చెప్పించండి. వచ్చిన మెసేజ్ దాచుకోండి, స్టూడెంట్స్ యూనియన్‌కు చూపించండి.

నేను ఆ రాత్రి అవమానంతో డిలీట్ చేసేశా. ఆ పని చేసినందుకే ఇప్పటికీ బాధ.

జై భీమ్.